పందెం బాట, తొప్పూరు కనుమ

మోటారు సైకిలు పేరెత్తితే మన ఇళ్ళలో తల్లుల ముఖాలు చిన్నబోతాయి. కొడుకు బండి తీసి వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి చూచే తల్లి లేని వీధి లేదు. అటువంటివారిలో ధర్మపురిలో ఉన్న మా అక్కయ్య ఒకతె. కిందటి నెల ఆమె మాకు ఫోను చేసింది. "తమ్ముడూ, వీడు కోయంబత్తూరులో బండి పందేలకు పోతున్నాడు. నేను చెబితే వినే వయసు దాటిపోయింది. నువ్వు ఒకసారి వెంట వెళ్ళి చూచి రా. చూచినవాడివి మానమంటే వాడు నీ మాట కాదనడు" అన్నది.

మాన్పించే ఉద్దేశంతోనే మేము బయలుదేరామని ముందుగా ఒప్పుకుంటున్నాము.

మా మేనల్లుడు హోసూరులో ఒక కర్మాగారంలో పని చేస్తాడు. పందెం వాడి వృత్తి కాదు. జీతంలో మిగిల్చిన డబ్బుతో ఏడాదికి రెండు మూడు వారాంతాలు చేసుకునే సరదా. ఈ పిచ్చి వీడికి ఎక్కడనుంచి పట్టుకున్నదని అక్కయ్య బాధ. పట్టుకున్నది ఈ జిల్లా గాలిలోనుంచే అంటాము మేము. 2004లో కృష్ణగిరి వేరు జిల్లా అయ్యేవరకు హోసూరు ధర్మపురి జిల్లాలోదే. 1980లో టీవీఎస్ 50 అనే చిన్న బండి తయారై వచ్చింది ఆ హోసూరునుంచే. దాని మీద పాల క్యాను, పిల్లవాడు, పిల్లవాడి బడి సంచి అన్నీ ఒక్కసారే మోసినవారు మన పాఠకులలోనే ఎంతమందో ఉంటారు.

ఇక కోయంబత్తూరు సంగతి చెప్పనక్కరలేదు. 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారు కుర్రతనంలో ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు చూచి మనసు పడి, హోటల్లో పని చేసి డబ్బు కూడబెట్టి, దాన్నే కొని, ఊడదీసి మళ్ళీ బిగించి విద్య నేర్చుకున్నారు. ఆయన మన తెలుగు ఇంటి బిడ్డ. మేము వెళ్ళిన పందెపు బాటకు పేరు పెట్టింది కరివర్ధన్ గారిది. ఆయన మిల్లుల కుటుంబంలో పుట్టికూడా జీవితాన్ని పందెపు కార్లకు ధారపోశారు. మారుతి ఇంజను పెట్టి సామాన్యులు కూడా నడపగలిగిన చిన్న పందెపు కారు తయారు చేశారు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. 2003లో చెట్టిపాళయంలో ఆయన పేర ఈ బాట వెలిసింది. ఇది పెద్దదేమీ కాదు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. షోలవరంలో యుద్ధకాలపు విమానాల దారి మీద జరిగిన పందేలను పిల్లలను భుజాన ఎత్తుకుని చూచిన పెద్దలకు ఇది మరీ చిన్నదిగా కనబడవచ్చు.

శుక్రవారం తెల్లవారుజామున బండిని 'కుట్టి యానై' అని ఇక్కడివారు పిలిచే చిన్న సరుకుల బండిలోకి ఎక్కించి తాళ్ళతో బిగించాము. ధర్మపురి దాటితే తొప్పూరు కనుమ. 2020 డిసెంబరులోనూ 2024 జనవరిలోనూ ఒక్కొక్క ప్రమాదంలో నలుగురేసి ప్రాణాలు పోయిన దిగుడు అది. అక్కడికి వచ్చేసరికి మా వాడు మాట తగ్గించాడు. కాసేపటికి తనే అన్నాడు:

"మామయ్యా, నాలుగేళ్ళ క్రితం నేనూ నా స్నేహితులూ ఆదివారాలు ఇక్కడే పందెం వేసుకునేవాళ్ళం. ఒకరోజు నా వెనక వస్తున్నవాడు లారీ కిందికి పోబోయి గట్టుకు కొట్టుకున్నాడు. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. అమ్మకు తెలియదు."

మేము ఏమీ అనలేదు. అనడానికి తోచలేదు.

బాట దగ్గర మేము చూచినది తిరునాళ్ళ వంటిది కాదు, పరీక్ష హాలు వంటిది. పందెం వేయాలంటే శిక్షణ పొంది ఉండాలి, వైద్యుడి పత్రం ఉండాలి, మోటారు క్రీడా సంఘాల సమాఖ్య ఇచ్చే లైసెన్సు ఉండాలి. బండికి దీపాలు, అద్దాలు, స్టాండు తీసేస్తారు. నూనె కారి వెనకవాళ్ళు జారకుండా నూనె మూతలకు సన్నని తీగ చుట్టి ముడి వేస్తారు. తోలు దుస్తులు, చేతి తొడుగులు, బూట్లు, వీపు కవచం, హెల్మెట్టు అన్నీ తనిఖీ అయితేగాని లోపలికి వదలరు. ప్రతి మలుపు దగ్గరా జెండాలు పట్టుకుని మనుషులు ఉంటారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం, ఎవరినీ దాటరాదు. ఎర్రజెండా అయితే అందరూ ఆగాలి. మన రహదారుల మీద ఈ క్రమంలో పాతిక పాలు ఉన్నా ఎన్ని ఇళ్ళు నిలబడేవో అనిపించింది.

వేగం ఎక్కడ నేర్పుతారని అడిగాము. అక్కడున్న ఒక పెద్ద ఆటగాడు నవ్వి, "వేగం ఎవరికైనా వస్తుందండీ, నేర్పేది తగ్గించడం" అన్నాడు. టైరుకు నేల మీద ఉన్న పట్టు ఒక రూపాయి అనుకోమన్నాడు. మలుపులో బండిని వంచడానికి పన్నెండణాలు ఖర్చయితే బ్రేకుకు మిగిలేది నాలుగణాలే. ఐదో అణా వాడబోతే నేల మీద ఉంటాము. అందుచేత బ్రేకు పని తిన్నని దారిలోనే ముగించుకుని, చూపు ముందు చక్రం మీద కాక మలుపు చివర నిలపాలి. సంసారానికి కూడా పనికివచ్చే లెక్క ఇది.

శనివారం మధ్యాహ్నం మా వాడు ఆ ఐదో అణా ఖర్చు పెట్టాడు. మలుపులో వంగి ఉండగానే బ్రేకు నొక్కినట్టున్నాడు. ముందు చక్రం జారింది. బండి ఒకవైపు, వాడు ఒకవైపు మట్టిలోకి జారిపోవడం మేము కళ్ళారా చూచాము. పసుపు జెండా లేచింది. వాడు లేచి నిలబడేదాకా గడిచింది పది సెకండ్లే కావచ్చుగాని, అక్కయ్య వాకిట్లో నిలబడిన సంవత్సరాలన్నీ మాకు అప్పుడు తెలిసివచ్చాయి.

తోలు మోచేతి దగ్గర అరిగిపోయింది, చర్మం కమిలింది, అంతే. వైద్యుడు కళ్ళు, మెడ, భుజాలు పరీక్షించి ఆదివారం పందానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది హెల్మెట్టును. పైకి ఒక గీత తప్ప ఏమీ కనబడదు. కాని హెల్మెట్టు ఒక్క దెబ్బకే చేసిన వస్తువు. లోపలి మెత్త ఒకసారి అణిగితే మళ్ళీ కాపాడదు. తనిఖీ చేసే ఆయన దాన్ని పక్కన పెట్టేశాడు. వాడు తన కొలతకు సరిపోయేది మరొక పోటీదారు దగ్గర అరువు తెచ్చుకున్నాడు. మర్నాడు వాడితో పోటీ పడవలసినవాడే ఇచ్చాడు!

ఆ రాత్రి మా వాడు, "అమ్మతో పడ్డానని చెప్పవద్దు మామయ్యా" అన్నాడు. తొప్పూరు సంగతి కూడా చెప్పలేదు కదా అని మేమన్నాము. వాడు చాలాసేపు ఊరుకున్నాడు. తరువాత బయటికి వెళ్ళి తనే ఫోను చేశాడు. రెండూ చెప్పాడు. అవతల అక్కయ్య ఏమన్నదో మాకు వినబడలేదు. వాడు మాత్రం "ఊఁ అమ్మా, ఊఁ" అంటూ గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

ఆదివారం పదహారు మందిలో పదకొండో స్థానంలో నలుపు తెలుపు గళ్ళ జెండా దాటాడు. బహుమతి లేదు. పెట్రోలు, ప్రవేశ రుసుము, అరిగిన తోలు అన్నీ చేతినుంచే. అయినా వాడి ముఖంలో అంత నెమ్మది మేము ఎన్నడూ చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు తొప్పూరు ఎక్కుడులో లారీల వెనక ఎడంగా బండి నడిపాడు. వెనకవాడు హారను కొట్టినా తొందరపడలేదు.

పందెపు బాట క్షేమమని మేము చెప్పము. 2023 ఆగస్టులో మద్రాసు పక్కన ఇరుంగాట్టుకోట బాట మీద జాతీయ పోటీలో బెంగుళూరుకు చెందిన 13 ఏళ్ళ బాలుడు ప్రాణం కోల్పోయాడు. ఏ తల్లికైనా ఆ ఒక్క మాట చాలు. కాని రెండో వైపు కూడా చూడాలి. 2022లో మన దేశపు రోడ్ల మీద ద్విచక్ర వాహనాల మీద వెళ్ళి మరణించినవారు 74,897 మంది. ఆ సంవత్సరం హెల్మెట్టు లేక పోయిన ప్రాణాలు 50,029. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారు. పందానికి పోయి కాదు. ఆఫీసుకు, సంతకు, పెళ్ళికి పోయి.

మాన్పిస్తామని వెళ్ళిన మేము మానమని చెప్పలేకపోయాము. ఆ మాటే అక్కయ్యకు చెప్పాము. ఆమె మా వంక కోపంగా చూచి, కొడుకువైపు తిరిగి, "ఆ హెల్మెట్టు కొత్తది ఎంతవుతుందిరా? అరువుది పెట్టుకుని ఇంకోసారి పోయావంటే ఊరుకోను" అన్నది. పాతదాన్ని పారేయనివ్వలేదు. వాడు బయటికి పోయేటప్పుడు కంటబడేటట్టు గుమ్మం పక్క అలమరలో పెట్టింది.

పాఠకులకు మా మనవి చిన్నదే. ఇంట్లో కుర్రవాడికి వేగం మీద మోజు ఉంటే కేకలు వేసి ఊరుకోకండి. వాడు ఎక్కడ తోలుతున్నాడో కనుక్కోండి. ఒకసారి వెంట వెళ్ళండి. వెళ్ళేముందు మీ ఇంటి హెల్మెట్టు ఎప్పుడైనా కిందపడిందేమో అడగండి. వెనక కూర్చునే ఇల్లాలికి కూడా ఒకటి ఉన్నదా అని చూడండి.