ఆమె లేకుండా గెలవలేమా?

ఆటల పోటీలు దగ్గర పడ్డాయంటే చాలు, జగిత్యాలలోనైనా, కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా ఆడపిల్లల జట్ల చుట్టూ ఒకటే మాట. "ఆ పిల్ల కాలు బాగైందా? ఆ పిల్ల లేకపోతే మన పని అయిపోయినట్టే!" పీఈటీ సారు అడుగుతాడు, పెద్దసారు అడుగుతాడు, తోటి పిల్లలూ అడుగుతారు. నొప్పి ఎట్లా ఉందని మాత్రం ఎవరూ అడగరు. వాళ్లకు కావాల్సింది ఆడుతుందా, ఆడదా అన్నదే.

బాస్కెట్‌బాల్‌లో ఈ బెంగ మరీ ఎక్కువ. కబడ్డీలో బరిలో ఏడుగురుంటారు, క్రికెట్‌లో పదకొండు మంది. బాస్కెట్‌బాల్ కోర్టు మీద ఉండేది అయిదుగురే. ఒక్కరు పోతే అయిదో వంతు పోయినట్టు. ఆ ఒక్కరూ అందరికన్నా పొడుగు, అందరికన్నా చురుకు అయితే సగం జట్టు కూలిపోయినట్టే అనిపిస్తుంది. అట్లా అనిపించడం సహజమే. కానీ జరిగిన పోటీలను తిరగేస్తే నాకు కనిపించింది వేరు.

1980 మే నెల సంగతి. అమెరికాలో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఫైనల్స్ జరుగుతున్నాయి. లాస్ ఏంజెలిస్ లేకర్స్ జట్టుకు కొండంత అండ కరీం అబ్దుల్ జబ్బార్. అయిదో మ్యాచ్‌లో ఆయన చీలమండ మడతపడింది. ఆరో మ్యాచ్ ఫిలడెల్ఫియాలో. ఆయన విమానమే ఎక్కలేదు. ఆయన నిలబడే చోట మ్యాజిక్ జాన్సన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు నిలబడ్డాడు. అదే అతనికి మొదటి సీజన్. 42 పాయింట్లు చేశాడు, లేకర్స్ 123–107తో గెలిచి కప్పు ఎత్తుకుపోయింది. ఇంతవరకూ ఆటలంటే ఇష్టమున్నవాళ్లు చాలామంది చెబుతారు. చెప్పనిది ఒకటుంది. అదే రోజు జమాల్ విల్క్స్ అనే మరో ఆటగాడు 37 పాయింట్లు చేశాడు. ఆ పేరు ఎవరికీ గుర్తుండదు! ఒక వీరుడు పడిపోతే ఇంకో వీరుణ్ణి వెతుక్కోవడం మన అలవాటు. నిజానికి ఆ లోటు పూడ్చింది ఒక్కడు కాదు.

ఆడవాళ్ల ఆటలో ఈ మధ్య జరిగింది చూడండి. 2025లో ఇండియానా ఫీవర్ జట్టులో కెయిట్లిన్ క్లార్క్ అనే అమ్మాయి ఉంది. ఆమె ఆట చూడ్డానికే స్టేడియాలు నిండేవి. ఆ సీజన్‌లో 44 మ్యాచ్‌లుంటే గాయాలతో ఆమె ఆడగలిగింది 13. మిగతావాళ్లలోనూ ఒకరి తర్వాత ఒకరు దెబ్బలతో తప్పుకున్నారు. అయినా ఆమె బెంచీ మీద కూర్చుని చూస్తుండగానే జట్టు జులై 1న కమిషనర్స్ కప్పు గెలిచింది. తర్వాత సెమీఫైనల్స్ దాకా వచ్చి, చివరికి చాంపియన్ అయిన లాస్ వేగాస్ జట్టును అయిదో మ్యాచ్ అదనపు సమయం వరకూ లాక్కెళ్లి ఓడింది. దాన్ని ఓటమి అనాలంటే నాకు మనసొప్పదు.

మన దేశం సంగతికొస్తే, 2025 మహిళల ప్రపంచకప్ గుర్తులేనిదెవరికి? ప్రతికా రావల్ ఓపెనర్. న్యూజిలాండ్ మీద 122 పరుగులు కొట్టిన మూడు రోజులకే, అక్టోబర్ 26న బంగ్లాదేశ్‌తో మ్యాచ్‌లో వాన తడికి జారుడుగా ఉన్న మైదానంలో బంతిని ఆపబోయి చీలమండ మెలిపడింది. అప్పటికి ఆమె ఖాతాలో 308 పరుగులున్నాయి. ఎదురుగా సెమీఫైనల్, అదీ ఆస్ట్రేలియాతో. ఆమె స్థానంలో షెఫాలీ వర్మను పిలిపించారు. ఈ పిల్ల ఏడాదిగా వన్డే జట్టులో లేదు, రిజర్వు జాబితాలోనూ పేరు లేదు. హర్యానా తరఫున సూరత్‌లో దేశవాళీ మ్యాచ్‌లు ఆడుకుంటోంది. సెమీఫైనల్‌లో 10 పరుగులకే అవుటైంది. "ఇదిగో, అన్నంత పనీ అయింది" అని ఎంతమంది అనుకుని ఉంటారో! ఆ రోజు జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులతో నిలబడి గెలిపించింది. నవంబర్ 2న ఫైనల్‌లో షెఫాలీ 87 పరుగులు కొట్టింది, బంతి చేతికిస్తే 2 వికెట్లు తీసింది. దీప్తి శర్మ 58 పరుగులు, 5 వికెట్లు. కప్పు మనది. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ టోర్నీ మొత్తంలో 14 వికెట్లు తీసింది.

మరి ఇవన్నీ అదృష్టమేనా? కొంత అదృష్టం లేదనను. కానీ మూడింట్లోనూ ఒక పోలిక ఉంది. వెనకున్నవాళ్లకు ముందునుంచే ఆట చేతిలో ఉంది. షెఫాలీ జట్టులో లేని ఏడాదీ ఇంట్లో కూర్చోలేదు, ఆడుతూనే ఉంది. విల్క్స్ అప్పటికే ఏళ్లుగా ఆడుతున్నవాడు.

మన బడుల జట్లలో అట్లా ఉండదు. నేను చూసిన ఆడపిల్లల మ్యాచ్‌లలో బంతి చేతికి రాగానే అందరి కళ్లూ ఒక్క పిల్ల కోసమే వెతుకుతాయి. మిగతా నలుగురూ బంతి అందించే పనికే. బయట కూర్చున్న పిల్లల సంగతి చెప్పేదేముంది? నీళ్ల సీసాలు అందిస్తారు, చెప్పులు కాపలా కాస్తారు. బాస్కెట్‌బాల్‌లో ఎన్నిసార్లయినా ఆటగత్తెలను మార్చుకోవచ్చు. అయినా 20 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నప్పుడు కూడా వాళ్లను లోపలికి పంపరు. తీరా పెద్దపిల్ల కాలు బెణికిన రోజున "పో, నువ్వు ఆడు" అంటే ఆ చిన్నది వణక్క ఏం చేస్తుంది? ఆ పిల్లకు ఆట రాదనేస్తారు. ఆడనిచ్చిందెప్పుడు?

(మన ఇళ్ల సంగతీ ఇంతే లెండి. అమ్మకు జ్వరమొస్తే ఉప్పు డబ్బా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.)

అయితే ఇందులో ఒక మెలిక కూడా ఉంది. ఆమె లేకుండా ఒకసారి గెలిచాం కాబట్టి ఆమె అవసరమే లేదనుకుంటే అదీ పొరపాటే. 2018లో టీ20 ప్రపంచకప్ వెస్టిండీస్‌లో జరిగింది. హైదరాబాదు మిథాలీ రాజ్ అప్పటికే పాకిస్తాన్ మీద, ఐర్లాండ్ మీద వరసగా రెండు అర్ధ సెంచరీలు చేసింది. మోకాలి దెబ్బతో ఆస్ట్రేలియా మ్యాచ్ ఆడలేదు. ఆమె లేకుండానే మనవాళ్లు 48 పరుగుల తేడాతో నెగ్గారు. ఇంగ్లండ్‌తో సెమీఫైనల్ నాటికి ఆమె కోలుకుంది. అయినా "గెలిచిన జట్టును మార్చం" అని బయటే కూర్చోబెట్టారు. 2 వికెట్లకు 89 ఉన్న స్కోరు 112కు ఆలౌటైంది, 8 వికెట్లతో ఓడిపోయాం. ఆమె ఆడి ఉంటే గెలిచేవాళ్లమని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ అట్లా ఇన్నింగ్స్ కుప్పకూలుతున్నప్పుడు ఓపిగ్గా నిలబడే మనిషి బెంచీ మీద ఉండటం చూసి ఆ రాత్రి కడుపు మండనిదెవరికి? ఒక్క మ్యాచ్ నెట్టుకురావడం వేరు, చివరిదాకా నిలవడం వేరు.

ఇంతకీ నాకు అసలు భయం గెలుపోటముల గురించి కాదు. "ఆ పిల్ల లేకపోతే గెలవలేం" అనే మాట తిరిగి తిరిగి ఆ పిల్ల మోకాలి మీదే పడుతుంది. నొప్పి తెలియకుండా స్ప్రే కొడతారు, సాగే పట్టీ బిగిస్తారు, "ఒక్క పది నిమిషాలు ఆడు బిడ్డా, బడి పరువు" అంటారు. పదమూడు పద్నాలుగేళ్ల పిల్ల సారు మాట కాదంటుందా? బడి పరువు ఆ సాయంత్రానికి నిలబడుతుంది, మోకాలు జీవితాంతం ఆ పిల్లదే.

ఇక్కడ తల్లులు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంటు ఉంటుంది. బాస్కెట్‌బాల్‌లాంటి ఎగిరి దూకే, గిరుక్కున తిరిగే ఆటల్లో అది తెగే ప్రమాదం మగపిల్లలకన్నా ఆడపిల్లలకు రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలాసార్లు ఎవరూ తగలకుండానే, ఎగిరి కిందికి దిగేటప్పుడే తెగుతుంది. లోపల 'టప్'మన్నట్టు అనిపించి, కొన్ని గంటల్లో మోకాలు ఉబ్బి, నడుస్తుంటే కాలు జారినట్టవుతుంటే అది మామూలు బెణుకు కాకపోవచ్చు. ఎక్స్‌రేలో లిగమెంటు కనిపించదు, "ఎముక విరగలేదు కదా" అని ఊరుకోవద్దు. ఎముకల డాక్టరుకు చూపించాలి. ఆపరేషన్ అయితే మళ్లీ ఆటలోకి రావడానికి తొమ్మిది నెలలైనా పడుతుంది. మనవాళ్లు చేసేదేమిటంటే, బెణికిన చోట నూనె పోసి గట్టిగా రుద్దడం, వేడినీళ్ల కాపడం పెట్టడం. మొదటి రెండు రోజులూ అవి రెండూ కూడదు. బట్టలో చుట్టిన మంచుగడ్డ పెట్టి, కాలు దిండు మీద ఎత్తిపెట్టి, కదలకుండా ఉంచాలి.

నివారణ కూడా ఉంది. ఆటకు ముందు పావుగంట, ఇరవై నిమిషాలు పద్ధతిగా కసరత్తు చేయించి, దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వంగకుండా నేర్పిస్తే ఆడపిల్లల్లో ఈ గాయాలు దాదాపు సగానికి తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. దానికి జిమ్ము అక్కర్లేదు, ఖర్చు లేదు. ఓపిక కావాలి.

ఈ మూడు ఊళ్లలోనూ గాయం ఇంటి లెక్కలతో ముడిపడి ఉంటుంది. కోరుట్ల, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఇళ్లెన్నో. బడి నుంచి రాగానే చాట ఒళ్లో పెట్టుకుని తల్లి పక్కన కూర్చునే ఆడపిల్లలున్నారు. వెయ్యి బీడీలకు ఇంతని కూలి. మోకాలు మడవలేని పిల్ల ఆ పనికి కూర్చోలేదు. సిరిసిల్లలో సాంచాల పక్కన కండెలు చుట్టే తల్లికి, బిడ్డను కరీంనగర్ ఆస్పత్రికి తీసుకుపోవడమంటే ఒకరోజు కూలి పోయినట్టే. అందుకే ఇంట్లో వచ్చే మొదటి మాట, "ఆటలొద్దంటే విన్నావా?" తండ్రి అంటాడు, నానమ్మ అంటుంది. ఏడాదిగా ఆట మాన్పించాలని చూస్తున్నవాళ్లకు గాయం ఒక సాకు దొరికినట్టు! అదే కొడుకు కాలు బెణికితే "తగ్గినంక పోరా" అంటారు. ఈ తేడా నాకు ఆ నొప్పికన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ప్రతిక సంగతి మళ్లీ చెప్పాలి. ఫైనల్ రోజు ఆమె చక్రాల కుర్చీలో మైదానంలోకి వచ్చింది. జట్టంతా ఆమెను తమ మధ్యకు తీసుకుపోయింది. కానీ పతకాలు అప్పటికి జట్టులో ఉన్న 15 మందికే అన్నది నిబంధన. ఆమె పేరు తీసేసి షెఫాలీ పేరు చేర్చారు కాబట్టి 308 పరుగులు చేసిన పిల్ల మెడ ఖాళీగా మిగిలింది. జనం అదేమిటని అడిగారు. తర్వాత ఆమెకూ పతకం వచ్చే ఏర్పాటు జరిగిందని ఆమే చెప్పింది.

మన పిల్లల గురించి అడిగేవాళ్లెవరు? సెమీఫైనల్ దాకా ఆడి దెబ్బతగిలిన పిల్ల పేరు ఫైనల్ జాబితాలో ఉండదు. రేపు కాలేజీ సీటుకో ఉద్యోగానికో క్రీడల కోటాలో పనికొచ్చే కాగితమది. కాబట్టి అమ్మలూ, ఈసారి బడికి వెళ్లినప్పుడు పీఈటీ సారును రెండు మాటలు అడగండి. మా బిడ్డ ఆడిన మ్యాచ్‌ల సర్టిఫికెట్ ఆమెకు ఇస్తారా అని. ఫైనల్‌కు పోయే బస్సులో, కట్టు కట్టిన కాలు చాపుకోవడానికి వీలుగా, ముందు సీటు ఆమెకోసం ఉంచుతారా అని.