వేరుగా ఉంచడం వేరు, వెలివేయడం వేరు

ఆస్పత్రిలో కొన్ని గదుల తలుపుల మీద "లోనికి రారాదు" అని బోర్డు ఉంటుంది. లోపలికి వెళ్ళే నర్సు గౌను తొడుక్కుని, ముఖానికి మాస్కు, చేతులకు గ్లవ్స్ వేసుకుని మరీ వెళ్తుంది. బయట వరండాలో రోగి బంధువులు గొణుక్కుంటూ ఉంటారు. "మా మనిషిని మేం చూసుకోవద్దా? అంటరానివాణ్ణి చేసి కూర్చోబెట్టారే!" అంటారు. విద్యార్థులారా, మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఆ వరండాలో నిలబడే ఉంటారు. వారి బాధ నిజమైనదే. అయితే ఆ గౌను, ఆ గ్లవ్స్ రోగిని అసహ్యించుకుని వేసుకున్నవి కావు. ఒక సూక్ష్మజీవి నడిచే దారికి అడ్డంగా పెట్టిన తడికెలు అవి.

ఈ "దారి" అన్న మాట దగ్గరే మన చదువులో లోటు ఉన్నదని నా అభిప్రాయం. కలరాకు కారణం విబ్రియో కలరే అని, క్షయకు కారణం మైకోబాక్టీరియం ట్యుబర్క్యులోసిస్ అని మీరు తడుముకోకుండా వ్రాస్తారు. మేమూ మార్కులు వేస్తాము. కాని క్షయ రోగి తిన్న కంచాన్ని విడిగా పెట్టాలా, అతని గది కిటికీ తెరవాలా అని అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది కంచం సంగతే చెబుతారు. కంచంతో క్షయ అంటదు. రోగి దగ్గినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు బయటికి వచ్చే అతి సన్నని కణాలు గాలిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. ఆ గాలి పీల్చినవారికే ప్రమాదం. అంటే కావలసింది కిటికీ! పెరూ దేశపు లిమా నగరంలో ఆస్పత్రి గదులను పరీక్షించి చూసిన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. తలుపులు, కిటికీలు బార్లా తెరిచిన గదుల్లో గాలి గంటకు సగటున 28 సార్లు మారింది. యంత్రాలతో గాలి ఆడించే గదుల్లో 12 సార్లే. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాతకాలపు భవనాలు కొత్తవాటి కన్నా మెరుగని తేలింది. మన ఊళ్ళలోని పాత ఆస్పత్రులను కట్టినవారు తెలివితక్కువవారేమీ కారు.

అన్ని రోగాలూ గాలిలో ఇంత దూరం ప్రయాణం చేయవు. కొన్నింటి తుంపరలు బరువైనవి, ఎక్కువగా దగ్గరివారి మీదనే పడతాయి. కలరా వంటివి మలంతో కలుషితమైన నీటిలో, చేతుల్లో ప్రయాణిస్తాయి. హెచ్.ఐ.వి. రోగి చేయి పట్టుకున్నా, పక్కన కూర్చుని భోంచేసినా ఏమీ కాదు, జాగ్రత్త అవసరమైనది రక్తంతో, సూదులతో. రోగాన్ని బట్టి దారి, దారిని బట్టి అడ్డు. అన్నిటికీ ఒకే భయం పెట్టుకోవడం ఎంత తప్పో, దేనికీ జాగ్రత్త లేకపోవడమూ అంతే తప్పు.

దారి తెలియకపోతే ఏమవుతుందో 2018 మే నెలలో కేరళ చూసింది. కోళిక్కోడు జిల్లాలో ఒక యువకుడు జ్వరంతో ఆస్పత్రికి వచ్చాడు. అది నీపా వైరస్ అని అప్పటికి ఎవరికీ తోచలేదు. మామూలు రోగిలాగే వార్డులో ఉంచారు, స్కానింగు కోసం మరో పెద్ద ఆస్పత్రి వరండాలో వేచి ఉంచారు. ఆ తరువాత జబ్బుపడినవారిలో ఎక్కువమంది అతనితోపాటు ఆ ఆస్పత్రుల్లో ఉన్నవారే: పక్కమంచాల రోగులు, వారికి తోడుగా వచ్చినవారు, సిబ్బంది. పరీక్షలో రుజువైన 18 మందిలో ఇద్దరే బతికారు. ఆ ఇద్దరిలో ఒకరు నర్సింగు విద్యార్థిని. పేరాంబ్ర తాలూకా ఆస్పత్రిలో ఆ మొదటి రోగికి సేవ చేసిన నర్సు లినీ మే 21న కన్నుమూసింది. ఇంకో సంగతి వినండి. ఆమెతో పనిచేసిన నర్సులను బస్సుల్లో, ఆటోల్లో ఎక్కించుకోవడానికి జంకారని అప్పట్లో వార్తలు వచ్చాయి. రోగిని వేరుగా ఉంచవలసిన రోజున ఉంచలేకపోయాము, గౌరవించవలసినవారిని మాత్రం వెలివేశాము.

మరుసటి సంవత్సరం జూన్‌లో ఎర్నాకుళంలో ఒక విద్యార్థికి అదే వ్యాధి వచ్చింది. ఈసారి వైద్యులకు త్వరగా అనుమానం తగిలింది. అతన్ని వేరు గదిలో ఉంచి చూశారు, అతనితో కలిసి మెలిగిన మూడు వందలమందికి పైగా మనుషులను కనిపెట్టి ఉన్నారు. ఒక్కరికీ సోకలేదు, అతను కోలుకున్నాడు. అదృష్టం కొంత కలిసివచ్చి ఉండవచ్చు. కాని అంతా అదృష్టమే అంటే నేను ఒప్పుకోను.

వేరుగా ఉంచడం అవసరమైనంతవరకే అన్నదానికి కూడా మన దగ్గరే రుజువు ఉన్నది. ఒకప్పుడు క్షయ అంటే ఇల్లు విడిచి శానటోరియంలో నెలల తరబడి ఉండటమే. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అటువంటిదే. 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. బీదవాడల్లోని రోగులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును శానటోరియంకు పంపారు, రెండో జట్టుకు ఇరుకిళ్ళలోనే ఉంచి అవే మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంట్లో ఉన్నవారికీ దాదాపు అంత బాగానే నయమైంది! ఆ ఇళ్ళలోని మిగతావారికి జబ్బు ఎక్కువగా అంటుకోనూలేదు. మందు సరిగా పడితే రోగి నుంచి క్రిములు వెలువడటం త్వరలోనే తగ్గిపోతుంది. (మందులకు లొంగని క్షయ సంగతి వేరు, దానికి జాగ్రత్త ఎక్కువ కాలం కావాలి.) కాబట్టి మందు మింగుతూ కోలుకుంటున్న మేనమామకు పెరట్లో మంచం వేసి, పెళ్ళికి పిలవడం మానేసే ఇంటివారికి సైన్సు ఏ సాయమూ చేయదు.

ఇక మన ఆస్పత్రుల సంగతి. పెద్దాస్పత్రుల్లో నర్సింగు పని సగం ఎవరు చేస్తున్నారు? రోగి వెంట ఉండే అమ్మ, అక్క, నానమ్మ. అన్నం తినిపించేదీ, ఒళ్ళు తుడిచేదీ, దుప్పటి మార్చేదీ, మలమూత్రాలు ఎత్తేదీ వారే. నర్సుకు శిక్షణ ఉన్నది, వీరికి లేదు. "బయటికి వెళ్ళండి" అని కసరడం కన్నా, మంచం పక్కన ఉండే ఒక్క మనిషిని కూర్చోబెట్టి అయిదు నిమిషాలు చెప్పడం మేలు కాదా? ఈ జబ్బు ఏ దారిన పోతుంది, చేతులు ఎప్పుడు కడుక్కోవాలి, మాస్కు ఎప్పుడు కావాలి అని. సబ్బుతో కడిగితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి, మనం సాధారణంగా పదికే ముగిస్తాం. అయితే కొళాయిలో నీళ్ళు రాని చోట "చేతులు కడుక్కొనుడు" అన్న బోర్డు వట్టి వెక్కిరింపు. అధికారులు ముందు ఆ కొళాయి సంగతి చూడాలి.

రేపు ఆ మంచం పక్కన కూర్చునేది మీరే కావచ్చు. అందుకని బడిలో ఒక చిన్న ప్రయోగం చేయండి. గ్లవ్స్ వేసుకోవడం సులభం, విప్పడమే కష్టం. పల్చని గ్లవ్స్ రెండు తొడుక్కుని, వాటికి పసుపు ముద్ద బాగా పూసుకోండి. పసుపే క్రిములనుకోండి. ఇప్పుడు ఒకదాన్ని మణికట్టు దగ్గర బయటివైపు పట్టుకుని, లోపలిభాగం బయటికి వచ్చేలా తిరగదీసి లాగండి. దాన్ని రెండో గుప్పిట్లో ఉంచుకుని, ఖాళీ చేతి వేలును రెండో గ్లవ్ లోపలివైపుకు దూర్చి, అదే విధంగా తిరగదీయండి. తరువాత మీ చేతులు, చొక్కా, ముఖం చూసుకుని ఎన్ని చోట్ల పసుపు అంటిందో లెక్కపెట్టి, నోటుపుస్తకంలో వ్రాసుకోండి.