ఎదిగే పిల్లలకూ ఎనిమిది గంటల హక్కు కావాలి

కార్మిక సంఘాల సమావేశాలలో ఏ విషయాలు చర్చకు వస్తాయో మనకందరికీ తెలిసినదే. వేతన సవరణ, కరువు భత్యం, బోనస్, కాంట్రాక్టు విధానం, అక్రమ తొలగింపులు - కార్యసూచి వీటి చుట్టూ తిరుగుతుంది; తిరగవలసిందే. కాని కార్మికుని ఇంట పదేళ్ళు దాటి ఇరవైకి చేరని కొడుకో కూతురో ఏ స్థితిలో పెరుగుతున్నారన్న ప్రశ్న ఆ కార్యసూచిలోనికి రావడం అరుదు. అది వైద్యుల పని, ఉపాధ్యాయుల పని, ఇంట్లో తల్లి పని అని మనము ఇంతకాలం సరిపెట్టుకుంటూ వచ్చాము. ఇది పొరపాటని మేము భావిస్తున్నాము. కార్మిక కుటుంబాలలో ఎదిగే పిల్లల ఆరోగ్యం మొదట పని గంటల సమస్య. వైద్య సమస్య ఆ తరువాతనే.

ఏ పారిశ్రామిక వాడకైనా ఉదయం ఐదున్నరకు వెళ్ళి చూడండి. తండ్రి రాత్రి షిఫ్టు నుండి ఇంకా ఇల్లు చేరి ఉండడు. తల్లి ఆరు గంటలకు కంపెనీ బస్సు అందుకోవాలి. పదిహేనేళ్ళ కూతురు పొయ్యి వెలిగించి, కుళాయి దగ్గర నీళ్ళు పట్టి, తమ్ముణ్ణి బడికి సిద్ధం చేసి, తాను మాత్రం గ్లాసెడు టీ తాగి బయలుదేరుతుంది. ప్రార్థన వేళ ఎండలో నిలబడి కళ్ళు తిరిగి కూలబడితే "రాత్రి నిద్రపోలేదా? పొద్దున ఏమీ తినలేదా?" అని పంతులమ్మ అడుగుతుంది. రెండూ సరైన ప్రశ్నలే. కాని వాటికి సమాధానం చెప్పవలసినది ఆ బాలిక కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 10 నుండి 19 సంవత్సరాల లోపు వారు సుమారు 25 కోట్ల మంది. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15-19 సంవత్సరాల బాలికలలో నూటికి 59.1 మందికి, అదే వయస్సు బాలురలో 31.1 మందికి రక్తహీనత ఉన్నదని తేల్చింది. అంతకు ముందు 2015-16 సర్వేలో ఈ అంకెలు 54.1, 29.2. తగ్గవలసినది పెరిగింది. ఈ వయస్సులో ఎముక సాగుతుంది, కండ పెరుగుతుంది, ఒంట్లో రక్తం పరిమాణమూ పెరుగుతుంది. ఆడపిల్లలకు నెలనెలా రక్తం పోతుంది కూడా. ఆ లోటు తీరాలంటే కంచంలో అన్నం ఒక్కటే చాలదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, వీలైతే మాంసం ఉండాలి. భోజనంతో పాటు నిమ్మరసమో ఉసిరికాయో ఉంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం వెంట టీ తాగితే పట్టదు. ఈ సంగతులు తెలియక మన ఇండ్లలో పిల్లలు పాలిపోవడం లేదు. కొనడానికి కూలి చాలక, వండి పెట్టడానికి వేళ చాలక పాలిపోతున్నారు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని మేము అనము. 6 నుండి 12వ తరగతి వరకు విద్యార్థులకు వారానికొక ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇచ్చే పథకం ఉన్నది. నులిపురుగుల మందు వేసే రోజులున్నవి. 2014 జనవరి 7న రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం ప్రారంభమైనది. కాని ఇనుము మాత్ర భోజనం తరువాత వేసుకోవలసినది. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పుడుతుంది. పిల్లలు రెండవ వారం నుండి దానిని కిటికీలోంచి పారవేస్తారు. మాత్ర పనిచేయాలంటే అన్నం కావాలి. అన్నం వేళకు అందాలంటే ఇంట్లో ఒకరైనా ఆ వేళకు ఉండాలి. ఇక్కడికి వచ్చేసరికి ప్రశ్న ఆసుపత్రి దాటి కర్మాగారపు గేటు దగ్గరకు వస్తుంది.

1934 ఫ్యాక్టరీల చట్టం క్రింద వారానికి 54 గంటలుగా ఉన్న పనిని 1946 సవరణ 48 గంటలకు తగ్గించినది. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో డాక్టర్ అంబేద్కర్ కార్మిక శాఖను నిర్వహించిన కాలంలో సాగిన కృషి ఫలితమది. ఇప్పుడు గడియారపు ముల్లును వెనుకకు తిప్పుతున్నారు. కర్ణాటకలో 2023లో రోజుకు 12 గంటల వరకు పని చేయించుకొనే వీలు కల్పించారు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోజువారీ గరిష్ఠ పనిని తొమ్మిది నుండి పది గంటలకు పెంచే నిర్ణయం తీసుకున్నది. అదే సంవత్సరం తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలలో పది గంటల పనికి అనుమతినిచ్చినది. వారానికి 48 గంటల పరిమితిని దాటడం లేదు కదా అని పాలకులు వాదిస్తున్నారు. పిల్లవాడికి ఆకలి వారానికొకసారి వేయదు. తల్లి రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరిన రోజున ఆ పూట భోజనం వీధి చివరి కొట్టులోని చిప్సు పొట్లమే అవుతుంది. మిగిలిన రెండు రోజులు సెలవిచ్చినంత మాత్రాన ఆ పూట తిరిగి రాదు.

ఇటీవల వక్తలు "జీవన శైలి" అన్న మాటను విరివిగా వాడుతున్నారు. పిల్లలు ఆడుకోవడం లేదు, పొట్లాల తిండి తింటున్నారు, సెల్‌ఫోను వదలడం లేదు అంటారు. నిజమే. 11-17 సంవత్సరాల వారిలో నూటికి 81 మందికి తగిన శరీర శ్రమ లేదని 2016 నాటి గణాంకాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు జరిపిన అధ్యయనం చెప్పినది. ఈ వయస్సు వారికి రోజుకొక గంట ఒళ్ళు అలిసే ఆట కావాలని ఆ సంస్థ సలహా. అయితే శైలి అనేది ఎంచుకొనే వీలున్న వారి మాట. బస్తీలోని ఖాళీ స్థలం ప్లాట్లుగా అమ్ముడై, బడి ఆవరణలో నిలబడడానికే చోటు లేక, చీకటిపడ్డ తరువాత ఆడపిల్లను బయటకు పంపే ధైర్యం లేక ఫోను చేతికిచ్చిన ఇంటిలో శైలి ఎక్కడున్నది? దానిని పరిస్థితి అనడమే న్యాయం.

ఇక బడి సంగతి. 2009 విద్యా హక్కు చట్టం పద్నాలుగేళ్ళ వద్ద ఆగిపోయినది. కేంద్ర మధ్యాహ్న భోజన పథకం ఎనిమిదవ తరగతి వద్ద ఆగిపోయినది. తెలుగు రాష్ట్రాలు తమ నిధులతో పదవ తరగతి వరకు భోజనం పెడుతున్నవి. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు కూడా దీనిని విస్తరింపజేసినది. ఇది మంచి అడుగు. దేశమంతటా ఇది జరగాలి. ఎందుకంటే ఒళ్ళు అన్నిటికన్నా ఎక్కువ తిండి కోరే వయస్సులోనే చట్టమూ, కంచమూ రెండూ చేతులెత్తేస్తున్నవి. ఆ వయస్సులోనే పిల్లలు పనిలోకి జారుతున్నారు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్ళ లోపు వారిని పనిలో పెట్టడాన్ని నిషేధించినా, కుటుంబ వృత్తులలో బడివేళల తరువాత సాయపడవచ్చునన్నది. 14-18 మధ్య వారిని గనులు, ప్రేలుడు పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియల నుండి మాత్రమే తప్పించినది. బీడీలు చుట్టే ఇండ్లలో బడి నుండి వచ్చిన ఆడపిల్ల పుస్తకం ప్రక్కన పెట్టి చాట ముందు కూర్చుంటుంది. పొగాకు ధూళి ఊపిరిలోనికి పోతుంది, చర్మం గుండా కూడా ఒంటికి ఎక్కుతుంది. తల్లికి లెక్క ప్రకారం కూలి పూర్తిగా గిట్టితే ఆ పిల్ల చేతులు అవసరమయ్యేవా?

మరొక వైపు, కడుపు కట్టుకొని పిల్లలను పైకి తేవాలనుకొనే కార్మికుల సంగతి. భవిష్యనిధి నుండి తీసి, నగలు కుదువ పెట్టి, కొడుకును హాస్టలు వసతి గల ప్రైవేటు జూనియర్ కళాశాలలో చేర్పిస్తారు. అటువంటి కళాశాలలు అనేకం ఉదయం ఐదింటికే గంట కొట్టి, రాత్రి పదిన్నర, పదకొండు వరకు తరగతులు, స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు నడుపుతున్నవి. 13-18 ఏళ్ళ వారికి ఎనిమిది నుండి పది గంటల నిద్ర కావాలని వైద్య శాస్త్రం చెబుతున్నది. యౌవనంలో నిద్ర వచ్చే వేళ సహజంగానే రాత్రి ఆలస్యానికి జరుగుతుంది కూడా. తెల్లవారకముందే లేపితే ఆ నిద్ర మరి తిరిగి రాదు. ఎనిమిది గంటల పనిదినం కోసం 1886లో షికాగో వీధులలో రక్తం ధారపోసిన వర్గం మనది. ఆ వర్గపు బిడ్డ పదహారేళ్ళకే పద్నాలుగు గంటలు బల్ల ముందు కూర్చుంటున్నాడు, దానికి మనమే ఫీజు కడుతున్నాము. ఏ కర్మాగారంలోనైనా యాజమాన్యం ఇంత పని చేయించుకుంటే మనము గేటు ముందు ధర్నా చేసి ఉండేవారము.

ఫలితం ఏమిటో దాచిపెట్టి లాభం లేదు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ప్రతి మరణానికీ చదువొక్కటే కారణమని మేము చెప్పబోము. ఒక్కొక్కదాని వెనుక అనేక కారణాలు ముడిపడి ఉంటాయి. కాని విశాఖపట్నంలో శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు జారీ చేసినదంటే పరిస్థితి ఎంతవరకు వచ్చినదో గ్రహించవచ్చు. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల సలహాదారు ఉండాలని, మార్కులను బట్టి పిల్లలను వేర్వేరు బ్యాచీలుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలని ఆ మార్గదర్శకాలలో ఉన్నది. ఇవి కాగితంపై మిగులుతాయో, హాస్టలు గదికి చేరుతాయో తేలేది తల్లిదండ్రులు అడిగే దానిని బట్టి. విడిగా అడిగే తండ్రికి గుమాస్తా కూడా జవాబివ్వడు. సంఘంగా అడిగితే ఇస్తాడు.

ఇంతవరకు ప్రభుత్వాన్ని, యాజమాన్యాలను అన్నాము. మన ఇండ్లలోనికి కూడా చూసుకోవాలి. పని గంటలు తగ్గినంత మాత్రాన అన్నీ చక్కబడవు. మిగిలిన గంట సారా కొట్టులో గడిచితే పిల్లలకు ఒరిగేది లేదు. తండ్రి తాగి వచ్చి తల్లిని కొట్టే ఇంటిలో ఏ మాత్రా పనిచేయదు. కొడుక్కి గుడ్డు పెట్టి కూతురికి పులుసు పోసే అలవాటు సంఘ నాయకుల ఇండ్లలో సైతం పోలేదు. 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెండ్లి అయినవారు దేశంలో నూటికి 23.3 మంది, తెలంగాణలో 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 మంది అని ఐదవ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. ఆ పెండ్లిపందిళ్ళలో మనము కూడా అక్షింతలు వేసి భోజనం చేసి వచ్చినవారమే. తన ఒళ్ళే ఇంకా పూర్తిగా పెరగని పిల్ల మరొక ప్రాణానికి రక్తం పంచవలసి వస్తున్నది. ఈ విషయంలో మౌనం వహించే సంఘం సమానత్వం గురించి మాట్లాడడం తగదు.

చేయవలసిన పనులు మన చేతికి అందనివి కావు. రోజువారీ పని ఎనిమిది గంటలకు మించరాదన్న డిమాండును వేతనాల డిమాండుతో సమంగా నిలపాలి. ఎదిగే పిల్లలున్న తల్లులను, తండ్రులను ఎడతెరపి లేకుండా రాత్రి షిఫ్టులకు వేయరాదని ఒప్పందాలలో వ్రాయించాలి. మధ్యాహ్న భోజనం, విద్యా హక్కు పద్దెనిమిదేళ్ళ వరకు పొడిగించాలని కేంద్రాన్ని కోరాలి. జూనియర్ కళాశాలలలో రోజువారీ చదువు గంటలకు పరిమితి, వారానికొక పూర్తి సెలవు, పడకకు నికరమైన వేళ ఉండాలని రాష్ట్రాలను నిలదీయాలి.

శాఖల స్థాయిలో రేపటి నుండే చేయదగినవి ఉన్నవి. ప్రాథమికోన్నత పాఠశాలల యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెబుతున్నది. ఆ స్థానాలలో మన వారు కూర్చుని మాత్రలు వస్తున్నవా, భోజనం తరువాత ఇస్తున్నారా, ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీళ్ళున్నవా అని చూడాలి. విద్యాసంస్థలకు నూరు గజాల లోపు సిగరెట్లు, గుట్కా అమ్మరాదని 2003 చట్టం ఉన్నది. ఆ కొట్టును ఎత్తించడానికి అర్జీ ఒకటి చాలు, పట్టుదల ఉంటే. మనసు బాగులేని పిల్లల కోసం, వారి తల్లిదండ్రుల కోసం 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ ఉచిత ఫోను నంబరు 14416ను సంఘ కార్యాలయపు నోటీసు బోర్డుపై పెద్ద అక్షరాలలో వ్రాయండి. దానికి ఖర్చు ఒక సుద్దముక్క.

సోదర కార్మికులారా, ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, ఎనిమిది గంటలు మనవి అన్న నినాదాన్ని మన తాతలు తమ కోసమే ఇవ్వలేదు. 2023లో తమిళనాడు శాసనసభ ఆమోదించిన పన్నెండు గంటల బిల్లును కార్మిక సంఘాల ప్రతిఘటనతో వెనుకకు తీసుకోవలసి వచ్చినది. కాబట్టి గడియారాన్ని ఆపడం మనకు చేతకానిది కాదు. తదుపరి డిమాండ్ల పత్రం వ్రాయడానికి కూర్చున్నప్పుడు, ఆ పొద్దున ప్రార్థనలో కూలబడిన పిల్లను ఒకసారి తలచుకొని, ఆమె పేరిట ఒక పంక్తి చేర్చమని కోరుతున్నాము.