ఇల్లూ వాకిలీ: చీమతలకాయంత అక్షరాలు



వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయి. ఇర్వింగ్‌లో మనవాళ్ళ ఇళ్ళల్లో అటక మీది సూట్‌కేసులు హాల్లోకి దిగాయి. చుట్టాలకిచ్చే చాక్లెట్లూ, విటమిను మాత్రలూ, బాదంపప్పులూ తూకం వేసి మరీ సర్దుకుంటాం గానీ, పిల్లల సంచీలో ఏముందో చూడం. అందులో చేత్తో పట్టుకుని ఆడుకునే వీడియో ఆటపెట్టె ఒకటీ, దాని చార్జరూ తప్పకుండా ఉంటాయి. ఈ నెల ఆ చార్జరు గురించి నాలుగు మాటలు. ఇంత చిన్న వస్తువుకి ఓ శీర్షికా అని నవ్వకండి. 2015లో మా ఇంట్లో జరిగింది చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం.

మా నాన్నగారు తెనాలిలో ఉండేవారు. ఎలక్ట్రిసిటీ బోర్డులో పనిచేసి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పులతో అంతసేపు విమానంలో కూచోలేనన్నారు, అందుకని ఇర్వింగ్ రానేలేదు. అప్పటికి మా అబ్బాయికి పదేళ్ళు. వాడి దగ్గర నింటెండో వారి 3డీఎస్ ఉండేది. దాని వెనక రెండు కెమెరా కళ్ళుంటాయి. దానితో తీసిన ఫొటో, ప్రత్యేకం అద్దాలేమీ పెట్టుకోకుండానే, ఎత్తుపల్లాలతో నిజంగా ఎదురుగా ఉన్నట్టు కనబడుతుంది. తాతయ్యకి చూపించాలని వాడు నెల్లాళ్ళపాటు ఫొటోలు తీశాడు. మా వాకిలి, వాడి గది, బడి, లాస్ కొలీనాస్‌లో నీళ్ళు చిమ్ముకుంటూ పరుగెత్తే తొమ్మిది కంచు గుర్రాలు, 2014లో థామస్ జెఫర్సన్ పార్కులో నిలబెట్టిన గాంధీగారి విగ్రహం, అన్నీ అందులో ఎక్కించాడు.

ఆ పెట్టె బ్యాటరీ ఆట ఆడితే మూడు నుంచి అయిదు గంటలకు మించి రాదు. మన ప్రయాణమో, ఇల్లు కదిలింది మొదలు ఒక రోజు పైమాటే. తెనాలి చేరేసరికి ఎర్రదీపం వెలుగుతోంది. వాడు స్నానమైనా చెయ్యకుండా తాతయ్య పక్కన చేరి మొదటి ఫొటో తెరిచాడు. నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని, "ఆగరా, సరిగ్గా చూడనీ" అనేలోపలే పెట్టె ఆరిపోయింది.

నేను చార్జరు తీశాను. అమెరికా ప్లగ్గుకి రెండు చదును పుల్లలు, మన సాకెట్టుకి గుండ్రని రంధ్రాలు. మధ్యలో పెట్టుకునే చిన్న ప్లగ్గు ముక్క ఒకటి కొనుక్కుని వచ్చాను లెండి. నాన్నగారు, "ఏరా, ఇది మన కరెంటుకి ఆగుతుందా?" అని అడిగారు. "కన్వర్టరు తెచ్చాగా నాన్నగారూ" అన్నాను. ఇంజనీరుని కదా! స్విచ్చి వేశాను. టప్పుమంది. కాలిన వాసన గదంతా కమ్మింది.

అబ్బాయి ఏడవలేదు. నా మొహంకేసి చూశాడు, అంతే. నాన్నగారు భూతద్దం తెచ్చుకుని చార్జరు వెనక చీమతలకాయంత అక్షరాలు చదివి, "నూట ఇరవై అనే రాశాడురా" అన్నారు. తప్పు చేసినవాడిది కాదు, చదవనివాడిది.

ఇప్పుడు అసలు సంగతి. నింటెండో వారి డీఎస్ఐకీ, 2011లో వచ్చిన 3డీఎస్‌కీ ఒకటే చార్జరు. దాని నంబరు డబ్ల్యూఏపీ-002. కాని ఆ నంబరు పక్కన బ్రాకెట్లో దేశం గుర్తు ఉంటుంది. అమెరికాకి యూఎస్ఏ, జపానుకి జేపీఎన్, యూరపుకి ఈయూఆర్, ఇంగ్లండుకి యూకేవీ. పెట్టెలోకి దూరే కొస అన్నిటికీ ఒకటే, అక్కడ వచ్చేది 4.6 వోల్టులే. తేడా అంతా గోడ వైపే. అమెరికా చార్జరు 120 వోల్టులకి చేసింది. యూరపుదీ, ఇంగ్లండుదీ 230కి చేసినవి. జపాను ఇళ్ళలో కరెంటు 100 వోల్టులే. మన ఊళ్ళో 230. కాబట్టి కరెంటు విషయంలో తెనాలికి దగ్గర చుట్టం లండనే గాని డల్లాస్ కాదు.

నేను కన్వర్టరు అనుకున్నది ఉత్త ప్లగ్గు ముక్క. అది పుల్లల ఆకారం మారుస్తుంది, వోల్టులు మార్చదు. 120 వోల్టుల కరెంటు అలల్లో పైకి లేచినప్పుడు 170 దాకా వెళుతుంది. మన 230 అయితే 325 దాకా వెళుతుంది. 120కే చేసిన తేలిక చార్జర్లలో సాధారణంగా 200 వోల్టులు ఓర్చుకునే కండెన్సరు పెడతారు. 325 తగిలితే ఏమవుతుందో మా గదిలో విన్నాం. ఊరినుంచి మిక్సీ తెచ్చుకున్నప్పుడు ఇర్వింగ్‌లో దానికి ట్రాన్స్‌ఫార్మరు పెట్టడం మనకెవరికీ కొత్త కాదు. కాని చార్జరు చిన్నది గనక అశ్రద్ధ చేస్తాం.

అదృష్టం బాగుండి పోయింది చార్జరొక్కటే. పెట్టెకి ఏమీ కాలేదు. నాలుగో రోజున పెళ్ళికని మా పెదనాన్నగారి అబ్బాయి లండన్ నుంచి వచ్చాడు. ఫోను చేసి, వాళ్ళ పిల్లల చార్జరు తెమ్మన్నాను. దానికి మూడు లావుపాటి పుల్లలు, మళ్ళీ మన సాకెట్టులో పట్టవు. కాని ఈసారి తేడా ఆకారంలోనే. ప్లగ్గు ముక్క పెట్టేముందు అది భూతద్దంతో సహా నాన్నగారి చేతికిచ్చాను. ఆయన చదివి, తలూపి, స్విచ్చి తనే వేశారు.

అన్నయ్య మావాడికి ఓ ఆట కార్డు కూడా తెచ్చాడు. అది మా పెట్టెలో ఆడలేదు. 3డీఎస్ ఆటలకి ప్రాంతాల తాళం ఉంది, యూరపు కార్డు అమెరికా పెట్టెలో తెరుచుకోదు. చార్జరుకి లేని పట్టింపు ఆటకి ఉందన్నమాట. 2017లో వచ్చిన స్విచ్‌కి ఆ తాళం తీసేశారు.

ఇక ఊరెళ్ళేవాళ్ళకి నా మనవి. చార్జరు వెనక ఇన్‌పుట్ అన్న వరస చదవండి. 100–240 అని ఉంటే ప్లగ్గు ముక్క చాలు. ఫోన్లూ, లాప్‌టాప్‌లూ, స్విచ్ చార్జరూ ఇలాంటివే. 120 అని మాత్రమే ఉంటే ఇంట్లోనే వదిలెయ్యండి. 3డీఎస్ తయారీ 2020లో ఆపేశారు గానీ, పాత పెట్టెలు మన అలమారుల్లో ఇంకా ఉన్నాయి. వాటికి యూఎస్‌బీ తీగ కొనుక్కుంటే ఫోను చార్జరుతోనే నడుస్తాయి. తప్పదంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పట్టుకెళ్ళండి, బరువుగా ఉండే రకం. జుట్టు ఆరబెట్టుకునే యంత్రాలకని అమ్మే తేలిక కన్వర్టర్లు ఇలాంటివాటికి పనికిరావు. జపాను నుంచో యూరపు నుంచో పెద్ద తెర 3డీఎస్ తెప్పించుకునేవాళ్ళు మరొకటి గుర్తుంచుకోండి. అక్కడ దాన్ని చార్జరు లేకుండానే అమ్మారు.

ఆ సాయంత్రం నాన్నగారు ఫొటోలన్నీ వరసగా చూశారు. వాకిలి దగ్గర ఆగి, "మెట్లు రెండేనా? అయితే ఎక్కగలను" అన్నారు. 2018లో ఆయన పోయారు. మా ఇల్లు ఆయన చూసింది ఆ పెట్టెలోనే. లండన్ చార్జరు ఇర్వింగ్‌లో పనికిరాకపోయినా, మా అబ్బాయి దాన్ని పారెయ్యనివ్వలేదు.

ప్రయాణాలు క్షేమంగా సాగాలని కోరుకుంటూ, ఉంటాను.