బ్యాటరీని తిన్న దొంగ ఎవరు?



క్రిందటి నెల మీలో ఒక అబ్బాయి నాకు ఉత్తరం వ్రాశాడు. "మాస్టారూ! పాఠాలు దాచుకోవడానికి మా అమ్మ ఫోనులో మెమరీ కార్డు వేయించాం. అప్పటినుంచి ఛార్జి త్వరగా అయిపోతున్నది. కార్డే బ్యాటరీని తినేస్తున్నదని, దాన్ని తీసేస్తానని నాన్నగారు అంటున్నారు. కార్డు నిజంగా అంత తింటుందా?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. ఒకరిమీద దొంగతనం మోపేముందు విచారణ జరపాలి గదా! పలక, బలపం తీసుకుని కూర్చోండి.

ముందు ఈ కార్డు ఏమిటో చూద్దాం. చిటికెనవేలి గోరంత ఉండే ఈ కార్డులో తిరిగేది గాని, కదిలేది గాని ఏదీ లేదు. కోట్లకొలది చిన్న చిన్న గదులున్నాయి. గది చుట్టూ విద్యుత్తును పోనివ్వని గోడ ఉంటుంది. ఏదైనా వ్రాసేటప్పుడు ఆ గదుల్లోకి ఎలక్ట్రానులను పంపి బంధిస్తారు. ఒకసారి లోపల పడ్డాక అవి అక్కడే ఉంటాయి. వాటిని కాపలా కాయడానికి కరెంటు అక్కరలేదు. పలకమీద వ్రాసిన అక్షరం ఊరికే ఉన్నట్లే ఇదీ ఉంటుంది. దీన్ని ఫ్లాష్ మెమరీ అంటారు. జపానులో తోషీబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా అనే ఇంజనీరు 1980ల్లో దీన్ని కనిపెట్టాడు.

మరి కార్డుకు కరెంటు ఎప్పుడు కావాలి? చదివేటప్పుడు, వ్రాసేటప్పుడు. ఆ సమయంలో మన కార్డు 100 మిల్లీ ఆంపియర్లు వాడుతుందనుకుందాం. పని లేనప్పుడు ఒక మిల్లీ ఆంపియరులో ఐదో వంతు, అంటే 0.2 చాలుననుకుందాం.

ఇక బ్యాటరీ సంగతి. చాలా ఫోనుల బ్యాటరీకి 5000 మిల్లీ ఆంపియర్ అవర్లు అని లెక్క చెబుతారు. అది మన నీళ్ళ తొట్టి అన్నమాట. 100 మిల్లీ ఆంపియర్ల చొప్పున తోడితే 50 గంటలు వస్తుంది.

కార్డు ఖాళీగా ఒక పగలు, ఒక రాత్రి కూర్చుంటే ఎంత తింటుంది? 24ను 0.2తో గుణించండి. 4.8 వచ్చింది. 5000లో ఇది వెయ్యో వంతు కూడా కాదు.

గంటసేపు పాటలు వింటే? గంటకు 15 పాటలనుకోండి. ఒక్కొక్క పాటను చదవడానికి కార్డుకు అర సెకను చాలు. అంటే గంటలో అది పనిచేసేది ఎనిమిది సెకన్లకు మించదు. లెక్క కట్టి చూడండి. నాలుగో వంతు మిల్లీ ఆంపియర్ అవరు కూడా కాదు!

ఇప్పుడు రెండో ముద్దాయిని పిలుద్దాం. అది ఫోను తెర. నేను తెర బాగా వెలిగించి గంటసేపు పాఠం చూస్తే నా ఫోనులో నూటికి 8 వంతుల ఛార్జి తగ్గింది. 5000లో అది 400. కార్డు తిన్నదెక్కడ, ఇదెక్కడ!

ఉత్తరం వ్రాసిన నాయనా! నిన్నొకటి అడుగుతాను. కార్డు వేయించాక మీ ఇంట్లో తెర రోజుకు ఎన్ని గంటలు ఎక్కువ వెలుగుతున్నది? పాఠాలు ఉన్నాయి గనుక చూస్తున్నావు, చూస్తున్నావు గనుక ఛార్జి తరుగుతున్నది. నేరం కార్డుమీద పడింది!

పైగా కార్డు ఒక్కొక్కసారి బ్యాటరీని కాపాడుతుంది కూడాను. పాఠాన్ని టవరునుంచి తెప్పించుకోవాలంటే ఫోను రేడియో పనిచేయాలి. సిగ్నలు బలహీనంగా ఉన్నచోట అది మరింత శక్తి వాడాలి. కాలువ అవతలి గట్టున ఉన్నవాడితో మాట్లాడాలంటే గొంతు చించుకుని అరవాలి గదా! కార్డులో ఉన్న పాఠమంటే పక్కన కూర్చున్నవాడితో చెప్పే మాట.

అయితే ఈ అపవాదు ఎలా పుట్టింది? ఒకప్పుడు అది కొంత నిజమే. 1999లో ఐ.బి.ఎం. కంపెనీ మైక్రోడ్రైవ్ అనే వస్తువు తెచ్చింది. చూడడానికి కార్డే, కాని లోపల ఒక్క అంగుళం చక్రం గిరగిర తిరిగేది. చక్రం తిప్పాలంటే శక్తి కావాలి. 2001లో వచ్చిన ఐపాడ్ అనే పాటల పెట్టెలోనూ తిరిగే చక్రమే ఉండేది. దాన్ని చేసినవాళ్ళు ఒక ఉపాయం పన్నారు. రాబోయే పాటలను ముందుగానే ఒక చిన్న జ్ఞాపకంలోకి తోడుకుని, చక్రాన్ని ఆపి నిద్రపుచ్చేవారు. 2005లో వచ్చిన ఐపాడ్ నానోలో ఫ్లాష్ మెమరీ పెట్టడంతో ఆ చక్రమే లేకుండా పోయింది.

అట్లా అని కార్డు ఎన్నడూ తప్పు చేయదని కాదు. చెడిపోతున్న కార్డును ఫోను మళ్ళీ మళ్ళీ చదవబోయి నిద్రపోకుండా వేడెక్కుతుంది. వేలకొలది ఫోటోలున్న కార్డు కొత్తగా వేస్తే వాటి జాబితా తయారయ్యేదాకా కాస్త ఖర్చు ఎక్కువవుతుంది. ఇక తిరిగే చక్రమున్న హార్డ్ డిస్కును తీగతో ఫోనుకు తగిలిస్తే అది ఫోను బ్యాటరీనుంచే గబగబా తాగుతుంది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. మూడేళ్ళ క్రిందట నా ఫోను సాయంత్రానికే కన్ను మూసేది. కార్డువల్లనే అని ఎవరో అంటే నమ్మాను. లెక్క కట్టలేదు, పరీక్ష చేయలేదు. ముప్ఫై ఆరేళ్ళు పిల్లలకు "పరీక్షించి నమ్మండి" అని చెప్పిన పంతులుని! ఫోను ఏదో వ్రాసుకుంటుండగానే కార్డును ఊడబెరికాను. అందులో మా అక్కయ్య పాడిన దంపుళ్ళ పాటలు పదకొండున్నాయి. నాలుగే మిగిలాయి. అక్కయ్య ఇప్పుడు లేదు, మళ్ళీ పాడించుకుందామంటే. ఇంతకూ ఛార్జి ఎప్పటిలాగే సాయంత్రానికి అయిపోయింది. తెర వెలుగు తగ్గించమని మా మనవరాలు చెప్పాకనే ఫోను రాత్రిదాకా నిలిచింది.

అందుచేత మీరు నాలాగా చేయకండి. ముందుగా కార్డులో ఉన్నవాటికి ఇంకొకచోట నకలు తీసి పెట్టండి. తరువాత పెద్దల అనుమతితో ఈ పరీక్ష చేయండి. పడుకునేముందు ఫోనును పూర్తిగా ఛార్జి చేసి, విమానం గుర్తు నొక్కి, ఎనిమిది గంటలు ముట్టుకోకుండా ఉంచండి. ప్రొద్దున్నే ఎంత తగ్గిందో వ్రాసుకోండి. ఇలా మూడు రాత్రులు. తరువాత ఫోను ఆపి, కార్డు తీసి, మళ్ళీ మూడు రాత్రులు. కార్డు తప్ప ఇంకేదీ మార్చకూడదు. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది దొంగో తెలియదు.

మీకు వచ్చిన ఆరు అంకెలూ కాగితంమీద వ్రాసి నాన్నగారికి చూపించండి. ఒక కార్డుముక్క మీద నాకూ వ్రాయండి.

మీ
మాస్టారు