మాల్టా వాళ్ళు ఏది అద్దెకిచ్చారు, ఏది ఇవ్వలేదు

పోస్టు పొడుగ్గానే ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో మన భవనం మేడమీది గదిని కోచింగ్ సెంటరుకు అద్దెకివ్వాలా వద్దా అన్నది తేలుస్తారు. నాకు అక్కడ దొరికేది మూడు నిమిషాలు. అందుకని ఇక్కడ రాస్తున్నా.

పోయిన నెల మా పక్క వీధి అబ్బాయి మాల్టా నుంచి వచ్చాడు. మూడేళ్ళు అక్కడ ఒక హోటలు వంటింట్లో పని చేశాడు. ఆ దేశం ఎక్కడుందో నాకప్పటికి సరిగ్గా తెలియదు. ఇటలీ కింద సిసిలీ, దానికీ కింద మధ్యధరా సముద్రంలో నలకలాంటి ద్వీపాలు. మాల్టా, గోజో, కొమీనో అన్నీ కలిపి 316 చదరపు కిలోమీటర్లు. నదుల్లేవు. తాగే నీళ్ళలో సగానికి పైగా సముద్రపు నీటిని యంత్రాల్లో శుద్ధి చేసినవే. అబ్బాయి వెళ్ళాక ఆసక్తి పుట్టి, చేతికందినదల్లా చదివాను. చదివేకొద్దీ మన సంఘమే గుర్తొచ్చింది.

ఎందుకంటారా? వాళ్ళకు పెద్దగా పంటల్లేవు, గనుల్లేవు. ఉన్నదల్లా చోటు. ఆ చోటునే తరతరాలుగా అద్దెకిచ్చుకుంటూ బతికారు. ఫినీషియన్లు, రోమన్లు, అరబ్బులు, నార్మన్లు వచ్చారు. 1530 నుంచి సెయింట్ జాన్ వీరులు, 1798లో నెపోలియన్, ఆ తరువాత బ్రిటిషువాళ్ళు. (మన సింధీ వ్యాపారులు కూడా బ్రిటిషు కాలంలోనే అక్కడ కొట్లు తెరిచారు. వాళ్ళు చేరని రేవు ఉందా?) 1964లో స్వాతంత్ర్యం వచ్చినా బ్రిటిషు సైన్యం 1979 మార్చి 31 దాకా అక్కడే ఉంది. స్థావరం మీదా ఓడల మరమ్మత్తు మీదా వచ్చే జీతాలతోనే చాలా ఇళ్ళు నడిచేవి. వాళ్ళు వెళ్ళిపోయాక ఏం తినాలన్న ప్రశ్న వచ్చింది.

దొరికిన జవాబులు చిత్రంగా ఉంటాయి. టన్నుల లెక్కన చూస్తే యూరప్‌లో అన్నిటికంటే పెద్ద ఓడల పట్టీ ఈ బుల్లి దేశపు జెండా కిందే ఉంది. ఆన్‌లైన్ జూదం కంపెనీలకు 2004లోనే చట్టం చేసి తలుపులు తెరిచారు. ఇంకో పెద్ద రాబడి పర్యాటకం. ఐదున్నర లక్షల మంది ఉన్న దేశానికి 2024లో 35 లక్షలకు పైగా యాత్రికులు వచ్చారు. ఒక్కో మనిషికి ఆరుగురు చుట్టాలన్నమాట! మన ఇంటికి ఒక్క పెళ్ళివారు వచ్చిపోతేనే వారం రోజులు నడుము పట్టేస్తుంది.

కట్టకట్టకడకు పౌరసత్వాన్నే అమ్మకానికి పెట్టారు. 2014లో పథకం మొదలుపెట్టినప్పుడు ధర ఆరున్నర లక్షల యూరోలు, పైన ఇల్లు, బాండ్లు అదనం. డబ్బొచ్చింది, కాదనను. 2025 ఏప్రిల్ 29న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఇది చెల్లదని, పౌరసత్వం వ్యాపారపు సరుకు కాదని తీర్పు చెప్పింది. ఆ దేశంలో డబ్బు, అధికారం ఎలా కలిసిపోయాయో రాసిన పాత్రికేయురాలు డాఫ్నీ కరువానా గలీజియాను 2017 అక్టోబరులో కారు బాంబుతో చంపేశారు. ఆ కేసు సెగకు చివరికి ప్రధానమంత్రి గద్దె దిగాల్సి వచ్చింది. అద్దె అలవాటైన ఇంట్లో, దేనికి ధర కట్టకూడదో మరిచిపోవడం ఎంత సులువో చూడండి.

మామూలు జనానికి తగిలిన దెబ్బ వేరు. 2011 జనాభా లెక్కల్లో 4.17 లక్షలున్నవారు 2021కి 5.19 లక్షలయ్యారు. అయిదుగురిలో ఒకరికి పైగా విదేశీయులే. మా అబ్బాయి ఒక గదిలో నలుగురితో ఉన్నాడు, జీతంలో మూడోవంతు అద్దెకే పోయేది. బస్సు డ్రైవర్లలో మనవాళ్ళు, నర్సుల్లో మలయాళీలు. “మామా, మూడేళ్ళలో వాళ్ళ భాష మూడు మాటలే వచ్చింది. ఇంగ్లీషుతోనే పనైపోతుంది” అన్నాడు.

ఇక్కడే నేను ఆగిపోయాను. ఆ మూడు మాటలేమిటని అడిగితే “మెర్హ్‌బా, గ్రాత్సి, మెలా” అన్నాడు. మొదటిది అరబ్బీ వాసన, రెండోది ఇటాలియన్, మూడోది ప్రతి వాక్యంలో పెడతారట, మన ‘మరి’లాగా. మాల్టీసు అరబ్బీ మూలం నుంచి వచ్చిన భాష, రాసేది మాత్రం రోమను లిపిలో. నిండా క్యాథలిక్కులైనవాళ్ళు దేవుణ్ణి ‘అల్లా’ అంటారు, ఈస్టరు ముందు ఉపవాస కాలాన్ని ‘రందాన్’ అంటారు. ఎవరొచ్చినా పోయినా మాట మిగిలింది.

అదేమీ దానంతటదే మిగల్లేదు. కోర్టుల్లో, చదువుకున్నవాళ్ళ నోట శతాబ్దాల పాటు ఇటాలియన్. దొరల కాలంలో ఇంగ్లీషు. మాల్టీసు వంటింటి భాషని వాళ్ళ పెద్దమనుషులే అన్నారు. మిఖైల్ అంతోన్ వస్సల్లి అనే ఆయన 1796లోనే నిఘంటువు అచ్చు వేశాడు. రాజకీయాల్లో ఇరుక్కుని జైలు, ప్రవాసం చూశాడు. 1825లో, ముసలితనంలో, మాల్టీసుకు మొదటి ఆచార్యుడయ్యాడు. రచయితలు 1920లో ఒక సంఘం పెట్టుకుని, అక్షరమాల ఎలా ఉండాలో కొట్లాడుకుని 1924లో తేల్చారు. ముప్ఫై అక్షరాలు. 1934లో ఇటాలియన్ పోయి మాల్టీసు అధికార భాష అయింది. 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరితే, అనువాదకులు చాలక మొదటి మూడేళ్ళు వెసులుబాటు తీసుకోవలసి వచ్చింది. ఇప్పుడు ఆ భాషలోకీ యూనియన్ చట్టాలు వస్తున్నాయి. మాట్లాడేది ఐదు లక్షల మంది! మన ఒక్క హోసూరు చుట్టుపక్కల తెలుగువాళ్ళను లెక్కబెట్టి చూసుకోండి, తరువాత “చిన్న భాషలు బతకవండీ” అనండి.

వాళ్ళకు సొంత రాజ్యం ఉంది, మనకు లేదు, నిజమే. ఇక్కడ 2006 చట్టం తరువాత బడిలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మీద నాకు పేచీ లేదు, నా మనవరాలు నాకంటే చక్కగా రాస్తుంది. కానీ బడి తెలుగును వదిలేశాక దానికి మిగిలిన చోటేది? మన మేడమీది గది. ఆదివారం పొద్దున రెండు గంటలు.

మాల్టాలో నాకు బాగా నచ్చినది గుళ్ళూ కోటలూ కాదు, బ్యాండు సంఘాలు. ఊరి దేవతకు ఏడాదికోసారి ఉత్సవం, ‘ఫెస్తా’ అంటారు. 2023లో యునెస్కో జాబితాలో కూడా చేరింది. దాన్ని నడిపేవి ఆ సంఘాలే. చాలా ఊళ్ళలో రెండేసి సంఘాలు, ఒకదానికొకటి పడదు. (చదువుతుంటే అచ్చం మనవాళ్ళే అనుకున్నా.) ఊరి నడిబొడ్డున సొంత భవనం, కింద బారు. ఎవరైనా వచ్చి తాగొచ్చు, తినొచ్చు. అది రాబడి. లోపలి గదుల్లో ఊరి పిల్లలకు బూరలు, డోళ్ళు నేర్పుతారు. అది ఖర్చు. మా అబ్బాయి ఉన్న వీధిలో సాయంత్రమైతే ఆ బూరల గోల భరించలేకపోయేవాడట. ఆ కింది బారు డబ్బే పై గోలకు కడుతుంది కదా, అదీ నాకు కావలసిన లెక్క.

ఇంకొకటి. హల్ సఫ్లియెని అని నేల కింద రాతిని తొలిచిన ఐదువేల ఏళ్ళ నాటి సమాధి మందిరం ఉంది. రోజుకు 80 మందిని మాత్రమే లోపలికి పంపుతారు. ఎనిమిది వందల మందిని పంపినా టిక్కెట్లు అమ్ముడవుతాయి, వాళ్ళకు తెలుసు. కొమీనో నీలి సరస్సు విషయంలో మాత్రం ఈ బుద్ధి చాలా ఆలస్యంగా వచ్చింది. జనం పొంగిపొర్లి, తిట్లు తిన్నాక 2025లో గాని ముందస్తు నమోదు పెట్టలేదు.

కార్యవర్గం మీద నాకు కోపం లేదు. భవనం సున్నానికి, కరెంటు బిల్లుకు డబ్బు కావాలి. కింది హాలును పెళ్ళిళ్ళకు ఇవ్వండి, సీమంతాలకు ఇవ్వండి, ఇప్పటికంటే అద్దె పెంచండి. వంటశాల ఇవ్వండి. గోడమీద బోర్డు పెట్టుకుంటామంటే డబ్బు తీసుకుని పెట్టించండి. మేడమీది గది వద్దు. “పిల్లలు పదకొండు మందే కదా, కింద హాల్లో కూర్చోబెడదాం” అన్నారు ఒకరు గ్రూపులో. ముహూర్తాల ఆదివారాల్లో కింద హాలు ఎవరిదో మీకూ తెలుసు. పోయిన మాఘమాసంలో మూడు వారాలు తరగతే జరగలేదు, గుర్తుందా? ఆ తరువాత ఇద్దరు పిల్లలు రావడం మానేశారు.

నా ప్రతిపాదన ఇది. కింది హాలు అద్దెలో పదోవంతు తరగతికని వేరే ఖాతాలో వేయాలి, పంతులమ్మగారికి ఆటో ఖర్చయినా ఇవ్వాలి. నాలుగేళ్ళుగా ఆవిడ సొంత డబ్బుతో వస్తోంది. దీన్ని రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. బలపరిచేందుకు ఇంకా ఏడు సంతకాలు కావాలి.

గది తాళం నా దగ్గరే ఉంది. శనివారం సాయంత్రం అయిదింటికి తీసి ఉంచుతాను, చూడనివాళ్ళు వచ్చి చూడండి. ఫ్యాను ఒకటి తిరగదు. కుర్చీలు చాలవు, కింద నుంచి తెచ్చుకోవాలి.