పోతన పద్యానికి డేటాబేసు ఎందుకు?

తెలుగు సాహిత్యపు జాలస్థలాలను సొంత ఖర్చుతో నడిపేవారి నోట తరచుగా వినబడే ఫిర్యాదు ఒకటుంది. మీ డేటాబేసు వాడుక మితిమీరింది, తగ్గించుకోకపోతే ఖాతా నిలిపివేస్తాము అని హోస్టింగు సంస్థ నుంచి ఉత్తరం వస్తుంది. స్థలం నడిపే పెద్దమనిషికి కోపం వస్తుంది. ఏడాది రుసుము ముందే కట్టాను కదా, ప్రకటనలో అంతా అపరిమితమన్నారు కదా అంటాడు. నాకూ ఒకసారి అటువంటి తాఖీదు వచ్చింది కనుక ఆ కోపం ఎటువంటిదో ఎరుగుదును. 'అపరిమితం' అన్న మాటను అంత తేలికగా వాడడం సంస్థల తప్పే. అయినా వాడుకకు హద్దు ఉండాలన్న విషయంలో నేను వారి పక్షమే.

మా పాతబస్తీలో వాటాల ఇళ్ళు ఎరిగినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఒకే ప్రాంగణంలో నాలుగైదు కాపురాలుండే ఇళ్ళు శాలిబండ వైపు ఇంకా ఉన్నాయి. మిద్దె మీద ట్యాంకు ఒక్కటే. అద్దె అందరూ కడతారు. కాని ఒక వాటావారు రాత్రంతా నల్లా తిప్పి వదిలేస్తే తెల్లవారి తక్కినవారికి స్నానాలుండవు. షేర్డ్ హోస్టింగు అచ్చంగా ఇదే. ఒక సర్వరు మీద వందలకొద్దీ స్థలాలుంటాయి. వాటన్నిటికీ నీళ్ళు పోసే డేటాబేసు ఉమ్మడిది. అందుకే మైఎస్‌క్యూఎల్‌లో ఒక్కొక్క ఖాతాకు గంటకు ఇన్ని ప్రశ్నలు, ఏకకాలంలో ఇన్ని సంబంధాలు అని హద్దు పెట్టే వీలు ఉంచారు. హద్దు దాటితే పాఠకుడికి పద్యం బదులు, డేటాబేసుతో సంబంధం కుదరలేదన్న ఆంగ్ల వాక్యం దర్శనమిస్తుంది.

ఇంతకూ పద్యాలు పెట్టుకొన్న స్థలానికి అంత దాహమెందుకు? మనలో చాలామంది వాడేది 2003లో పుట్టిన వర్డ్‌ప్రెస్. పాఠకుడు పుట తెరిచిన ప్రతిసారీ అది స్థలం పేరేమిటి, అమరికలేమిటి, పక్కన చూపవలసిన వర్గాలేమిటి, అసలు పద్యమేమిటి అని ఒక్కొక్కటీ డేటాబేసును అడుగుతుంది. జవాబులను కూర్చి పుట తయారుచేసి పంపి, వెంటనే ఆ పుటను పారవేస్తుంది. మరుక్షణం మరొకరు అదే పద్యం కోరితే మళ్ళీ మొదటికి. పుటకు ముప్పై నలభై ప్రశ్నలు సామాన్యం. నలభై అనుకుందాం. 1,000 పద్యాలున్న స్థలానికి సెర్చి ఇంజను సాలీడు ఒక్కసారి వచ్చి అన్ని పుటలూ తిరగేస్తే 40,000 ప్రశ్నలు. అందులో మనిషి చదివిన పుట ఒక్కటీ లేదు.

పోతన పద్యం నిన్న రాత్రి మారలేదు కదా! ఛత్తాబజారుకు వెళ్ళి ఐదువందల శుభలేఖలు అచ్చువేయమంటే, ఒక్కొక్క ప్రతికీ అక్షరాలు కొత్తగా కూర్చి, ఒక్కటి తీసి, కూర్పు విప్పేసే ముద్రాపకుడు ఎవరైనా ఉంటాడా? మనం సర్వరు చేత చేయిస్తున్నది ఆ పనే. 2001లో వచ్చిన మూవబుల్ టైప్ అనే సాధనం, వ్రాసినవారు ప్రచురించు అని నొక్కినప్పుడే పుటను మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైలుగా వ్రాసి పెట్టేది. ఆ తరువాత ఎవరెందరు చదివినా డేటాబేసుకు పనిలేదు. ఆ పద్ధతి పాతబడిందని అందరూ వదిలేశారు గాని, మారని పాఠానికి అంతకంటె తగినది నాకు కనబడదు. వర్డ్‌ప్రెస్‌ను విడువలేనివారికి పుటల ప్రతులు దాచి ఉంచే కాష్ ప్లగిన్లున్నాయి. 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియా కూడా, లాగిన్ కాకుండా చదివేవారికి చాలావరకు అలా దాచి ఉంచిన ప్రతినే అందిస్తుంది. అంతటి సంస్థ పొదుపు పాటిస్తుంటే నూరు పద్యాల శతకానికి మనకీ దుబారా ఏల?

ఇక అలంకారాలు. 'ఈ పుటను ఇంతమంది దర్శించారు' అన్న లెక్క ఒకటి ప్రతి స్థలంలోనూ వెలుగుతూ ఉంటుంది. చదవడానికి వచ్చిన ప్రతివాడి పేరిటా డేటాబేసులో ఒక వ్రాత. చదువు కంటె వ్రాత ఖరీదైనది. 2010లో వచ్చిన 5.5 వరకు మైఎస్‌క్యూఎల్ మామూలుగా వాడిన మైఐశామ్ పట్టికలలోనైతే, ఒకరి లెక్క వ్రాస్తున్నంతసేపూ పట్టికకు గొళ్ళెమే. తక్కినవారు వాకిట నిలబడాలి. ఆ పాత పట్టికలతోనే నేటికీ నడిచే స్థలాలున్నాయి. ఎవరు వచ్చారో సర్వరు తన చిట్టాలో ఎలాగూ వ్రాసుకొంటుంది. నెలకొకసారి అది చూసుకొంటే చాలు. మరొక వేడుక, తెరిచినప్పుడల్లా ఏదో ఒక పద్యం చూపడం. దానికి వాడే ఆజ్ఞ సాధారణంగా ఉన్న పద్యాలన్నిటినీ కలిపి కుదిపి ఒకటి తీస్తుంది. రోజుకొక పద్యం ముందే ఎంచి పెడితే రసానికి లోటేమీ రాదు.

వెదుకులాట మాత్రం వేరు. ఇది తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు. 1885 నాటి శబ్దరత్నాకరం తెరిచి 'కలువ' చూడమంటే ఎవరైనా క్షణంలో చూస్తారు, అకారాది క్రమం ఉంది కనుక. అదే నిఘంటువులో 'లువ' అన్న అక్షరాలు ఎక్కడైనా ఉన్న మాటలన్నీ ఏరమంటే తొలి పుట నుంచి కడపటి పుట దాకా చదవవలసిందే. డేటాబేసులోని ఇండెక్సు ఆ అకారాది క్రమం వంటిదే. ఆంగ్లంలో పదం చాలావరకు విడిగా నిలబడుతుంది. మనకు విభక్తి అతుక్కుంటుంది, సంధి కలుస్తుంది. 'రాముడు' అని వెదికితే 'రామునకు' దొరకదు. పద్యంలోనైతే పదం మొదలే ముందు పదంలో కరిగిపోతుంది. కనుక మాట ఎక్కడ దాగి ఉన్నా పట్టేటట్లు ముందూ వెనుకా శాతం గుర్తు పెట్టి వెదికించాలి. వర్డ్‌ప్రెస్ తనంతట తానే ఆ పని చేస్తుంది. ముందు శాతం గుర్తు పడిందా, మామూలు ఇండెక్సు పనికిరాదు, ప్రతి వరుసా చదవాలి. పైగా యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు. మనం రెండక్షరాలుగా లెక్కించే 'లక్ష్మి' 7 సంకేతాలు, 21 బైట్లు.

దీనికి మన పెద్దలు ఎప్పుడో మార్గం వేశారు. కావ్యాల అచ్చు ప్రతుల చివర పద్యముల అకారాది సూచిక ఉండేది: పద్యపు తొలి మాటలు, ఎదురుగా సంఖ్య. 1,000 పద్యాల సూచిక ఒక్క జాలపుటలో ఇముడుతుంది. చదువరి తన బ్రౌజరులోనే కంట్రోల్, ఎఫ్ మీటలు నొక్కి వెదుక్కుంటాడు. ఆ శ్రమ అతని కంప్యూటరు పడుతుంది, పదిమంది సర్వరు కాదు. ఆంధ్రభారతి వంటి చోట అనేక నిఘంటువులను ఒక్కసారిగా గాలించడం వేరు. అది డేటాబేసు చేయవలసిన పనే. శతకానికి, దండకానికి అది అక్కరలేదు.

చిత్తుప్రతుల సంగతీ చూసుకోవాలి. వర్డ్‌ప్రెస్ మనం దిద్దిన ప్రతిసారీ పాత ప్రతిని దాచుకొంటుంది. అరసున్నలు దిద్దే అలవాటున్న నాబోటి వారికి ఒక్క వ్యాసానికే అరవై ప్రతులు పోగుపడతాయి. అయిదుకు మించి ఉంచవద్దని అమరికల ఫైలులో ఒక వాక్యం వ్రాయవచ్చు.

ఇదంతా రుసుము మిగుల్చుకోవడానికి చెప్పడం లేదు. నిలిపివేసిన ఖాతాలోని పద్యం ఎవరికీ కనబడదు. శోధన పెట్టెలో అడిగితే తప్ప బయటపడని పాఠం, నకలు తీసే యంత్రాలకూ అందదు. 2009 అక్టోబరులో జియోసిటీస్ మూతపడినప్పుడు అందులో చాలా భాగాన్ని ఔత్సాహికులు కాపాడగలిగారంటే, అవి మామూలు ఫైళ్ళు కావడం వల్లనే. మన హైదరాబాదు ఐఐఐటీ కూడా పాలుపంచుకొన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్థలం 2017 నాటికి మూతపడింది. అందులోని తెలుగు పుస్తకాలు నేడు దొరుకుతున్నవి ప్రధానంగా ఇంటర్నెట్ ఆర్కైవుకు చేరిన ప్రతుల రూపంలోనే.

మా ఈడువారు నడిపే స్థలాలకు చాలావాటికి తాళంచెవి ఒక్కరి వద్దనే ఉంది, రుసుము ఒక్కరి పింఛనులోంచే పోతున్నది. నా స్థలంలో శతకాల భాగమంతా ఇప్పుడు ఉత్త హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళు. ఆ ఫోల్డరును పెన్‌డ్రైవులలో వేసి ఇద్దరు పూర్వ విద్యార్థులకు ఇచ్చాను. సర్వరు లేకుండానే తెరుచుకుంటుంది. వ్యాసాల డేటాబేసు నకలు కూడా ఇవ్వబోయాను గాని, దానిని తెరవడానికి ఏమేమి కావాలో నేను చెప్పడం ముగించకముందే ఇద్దరూ "వద్దులెండి మాస్టారూ" అన్నారు.